641తో భాగించి చూడండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే అందరూ కవిత రాస్తానేమో అనుకున్నారు. నేను లెక్క రాస్తున్నాను, కోప్పడకండి.

చదరంగం గళ్ళ కథ మీరు విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. ఈ ఇరవై అంకెల్నీ ఒక్క తెలుగు పద్యంలో పొదిగారు. అది పావులూరి మల్లనదని చెబుతారు. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసినవాడు ఆయనే. పదకొండో శతాబ్దివాడంటారు. శరం అంటే 5, చంద్రుడు 1, వేదం 4, గగనం 0. కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే ఒక్క అంకె తప్పదు. నా సైంటిఫిక్ కాలిక్యులేటరు మాత్రం పది అంకెలు చూపించి మిగతావి మింగేస్తుంది!

దీన్ని మన దివిసీమ కళ్ళంలో పోసి చూద్దాం. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములనుకుంటే, సగం బల్ల నిండేసరికి 86 టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు సుమారు 1,145. ముప్పై నలభై ఎకరాల ఆసామి ఇంటికి చేరే పంట. ఇంతేనా అనిపిస్తుంది. బల్లంతా నిండితే దాదాపు 36,900 కోట్ల టన్నులు! ప్రపంచమంతా ఏటా పండించే ధాన్యం సుమారు 80 కోట్ల టన్నులు. నాలుగు వందల ఏళ్ళ పంటయినా చాలదు.

ఈ పద్యం సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళను చూశాను. లెక్క చేసి చూసినవాళ్ళెందరు? మా తాత చెవిన ఆ పద్యం పడలేదు. గుడివాడ దగ్గర పొలాల్లో కూలి గింజలు కుంచంతో కొలిపించుకున్న మనిషి. కొలత సరిగ్గా ఉందా అని అడిగే వీలు లేని మనిషి. అందుకే గొప్పలు చెప్పుకోవడం కన్నా సరిచూసుకోవడమే నాకు ముఖ్యం.

చూడండి. చివర 5 ఉంది, కనుక 5తో పోతుంది. అంకెలు కూడితే 87, కనుక 3తో పోతుంది, 9తో పోదు. సగం బల్ల మొత్తం 4294967295. దానికన్నా రెండెక్కువైన 4294967297తో దాన్ని గుణిస్తే మొత్తం బల్ల వస్తుంది. ఈ రెండో సంఖ్యకు ఒక కథ ఉంది. 3, 5, 17, 257, 65537 అనే వరసలో తర్వాతిది ఇదే. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా అనే ఫ్రెంచి మేధావి నమ్మాడు. అంతటివాడి మాట! 1732లో పాతికేళ్ళ ఆయిలర్ (నాకంటే రెండేళ్ళే పెద్ద) అది 641తో పోతుందని చూపించాడు. భాగఫలం 6700417, శేషం సున్నా.

పదో తరగతి అయ్యాక "మీకు లెక్కలెందుకురా, హెచ్.ఇ.సి.లో చేరు" అని నాకొకాయన సలహా ఇచ్చారు. హెచ్.ఇ.సి. తక్కువని కాదు. కానీ ఆ "మీకు" అన్న మాట హాస్టల్ పిల్లలకే ఎందుకు వినబడుతుంది?

వార్డెన్ గారికి నా విన్నపం ఒక్కటే. సాయంత్రం స్టడీ అవర్లో గైడు చూసి ఎక్కించుకునే లెక్కలు వారానికొక్క రోజు ఆపి, ఇలాంటివి బోర్డు మీద వేయించండి. 641తో భాగహారానికి ఒక సుద్దముక్క చాలు. ఏడో తరగతి వాళ్ళు చేసేస్తారు. తప్పొస్తే మళ్ళీ చేస్తారు.