తోలుపని హీనమా?

తోలుపని హీనమని తలచువారు నేటికిని కలరు. ఇది అజ్ఞానము. తోలునందు ప్రధానమైనది కొల్లాజెన్ అను మాంసకృత్తు. మన దేహమందలి మాంసకృత్తులలో ఇంచుమించు మూడవవంతు అదియే. చర్మమునకు బిగువును, స్నాయువులకు బలమును ఇచ్చునది, ఎముకను పెళుసుబారకుండ కాచునది అదియే. మూడు పోగులు పేనిన మోకువలె దాని అణువు ఉండునని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాగారలు వెల్లడించిరి.

ఆ మోకు పటుత్వమునకు సి విటమిను అవసరము. అది లోపించినచో చిగుళ్లు నెత్తురు కారును. మానిన గాయములును మరల రేగును. ఇదియే స్కర్వీ వ్యాధి. దీనికి పూర్వము వేలకొలది నావికులు బలియైరి. నిమ్మజాతి పండ్లు దీనిని కుదుర్చునని 1747లో జేమ్స్ లిండ్ పరీక్షించి చూపెను. రుద్రవరము చెంతనున్న నల్లమలలో కాయు ఉసిరికయందు ఈ విటమిను సమృద్ధిగా కలదు.

పచ్చితోలు ఊరక కుళ్లును. తంగేడు చెక్కలోని వగరు కొల్లాజెన్‌ను పట్టుకొనినచో అది చిరకాలము నిలుచును. కారణము శాస్త్రము చెప్పకమునుపే మన చర్మకారులు ఈ ప్రక్రియను సాధించిరి. అట్టి నేర్పరులను ఊరివెలుపల నుంచి, వారు కుట్టిన చెప్పులను తొడుగుకొనుట ఏమి న్యాయము?

తెనాలి ప్రాంతమున యలవర్రులో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు తోళ్ల పరిశోధననే జీవితకార్యముగా గైకొని, మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధనాలయమునకు అధిపతియై దేశమునకు కీర్తి తెచ్చిరి.

బాలబాలికలారా! మన దేహమును నిలుపు పోగును, చెప్పును నిలుపు పోగును ఒక్కటే. ఇక ఆ పనివారిలో హీనత ఎక్కడిది?