టీవీ పక్కన ఒక కేబుల్ ఉండనివ్వండి

సెమినార్ హాల్ టీవీకి వైర్‌లెస్ వచ్చింది, కేబుల్ మాయమైంది. ఇది నాకు నచ్చలేదు.

వైర్‌లెస్ అంటే ఒకటే పద్ధతి కాదు. 2012లో వచ్చిన మిరాకాస్ట్‌లో ల్యాప్‌టాప్, టీవీ నేరుగా కలుస్తాయి, రౌటర్ అక్కర్లేదు. విండోస్ కీతో పాటు కే నొక్కితే దగ్గర్లోని టీవీల లిస్టు వస్తుంది. మ్యాక్‌బుక్‌లో మిరాకాస్ట్ లేదు, దానిది ఎయిర్‌ప్లే. క్రోమ్‌కాస్ట్‌కైతే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. కానీ క్యాంపస్ వైఫైల్లో భద్రత కోసం ఒక డివైస్‌కి ఇంకోటి కనబడకుండా చేస్తుంటారు. అప్పుడు ఒకే వైఫైలో ఉన్నా టీవీ పేరు లిస్టులోకి రాదు.

ఈ తంటాలతో పది నిమిషాల రివ్యూలో నాలుగు నిమిషాలు పోయాయనుకోండి. తగ్గేవి టీవీ మార్కులు కాదు, మనవి. సెమిస్టరంతా కష్టపడి చేసిన ప్రాజెక్ట్‌లో డెమో దాకా వెళ్లకుండానే టైమ్ అయిపోతే ఎలా?

నేను వైర్‌లెస్ వద్దనట్లేదు. టీవీ దగ్గర ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక టైప్-సి అడాప్టర్ ఉండాలి. ఎలా కనెక్ట్ అవ్వాలో నాలుగు లైన్లలో రాసి గోడకి అంటించాలి. స్క్రీన్ కనబడ్డాకే టైమ్ లెక్కపెట్టాలి. ఈ మూడూ ఖర్చు తక్కువ పనులే. వచ్చే రివ్యూల లోపు అందరం కలిసి అడుగుదామా?