పాత రివాల్వరుకి కొత్త మెరుగులెందుకు?

పాత వస్తువుని బాగుచెయ్యడమంటే దాన్ని కొత్తదానిలా మెరిపించడమే అని చాలామంది నమ్మకం. పాత తుపాకులు సేకరించేవాళ్ళలో కూడా ఈ జబ్బు బాగానే ఉంది. నన్నడిగితే అది బాగుచెయ్యడం కాదు, శుభ్రంగా పాడుచెయ్యడం.

తుపాకుల్ని సినిమాల్లో తప్ప చూడనివాళ్ళ కోసం ముందు కాస్త ఉపోద్ఘాతం. టాప్-బ్రేక్ రివాల్వరుకి ఫ్రేము ముందువైపు కింద ఒక కీలు, సిలిండరు వెనక పైన ఒక గొళ్ళెం ఉంటాయి. గొళ్ళెం తీసి గొట్టాన్ని కిందికి వంచితే, సిలిండరు మధ్యలోంచి నక్షత్రం లాంటి ముక్క లేచి, పేలిపోయిన తూటాల డొల్లలన్నిటినీ ఒక్కసారే బయటికి తోసేస్తుంది. 1870లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 3 ఈ రకమే. బ్రిటిష్ సైన్యం 1887లో వెబ్లీని తీసుకుంది, 1915లో దాని మార్క్ 6 వచ్చింది. కాన్పూరులో తయారైన .32 రివాల్వరు కూడా ఈ వెబ్లీ వంశంలోదే.

మన దేశంలో 2019 సవరణ తర్వాత ఒక లైసెన్సుదారుకి రెండే తుపాకులు, కాబట్టి సేకరణ మాట మర్చిపోవచ్చు. అమెరికాలో అలా కాదు. 1898లోనో, అంతకు ముందో తయారైనవి అక్కడి ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన వస్తువులు. అందుకే ఈ సరదా అక్కడ ఎక్కువ.

ఇంతకీ నా గోలంతా ఏమిటంటే, వెబ్లీలకి పట్టిన గతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇవి అమెరికాకి కుప్పలుగా, చవగ్గా వచ్చాయి. వీటికి కావలసిన .455 తూటాలు మాత్రం అక్కడ దొరకడం కష్టం. దొరికేది .45 ఆటోమేటిక్ పిస్తోలు తూటా. దాన్ని పట్టించడం కోసం సిలిండరు వెనక అంచుని కోసేశారు. ఆ రోజుకి అది తెలివైన పనే, కాదనను. కానీ .45 తూటా పుట్టించే ఒత్తిడి .455 కన్నా చాలా ఎక్కువ. కోసిన మొదటి ఆసామికి ఈ సంగతి తెలిసే ఉండొచ్చు. నాలుగు చేతులు మారాక కొన్నవాడికి ఎవరు చెప్తారు? తూటా పట్టింది కదా అని కాల్చేస్తాడు. మన భాషలో చెప్పాలంటే, కంపైల్ అయింది కదా అని ప్రొడక్షన్లో పెట్టేసినట్టు. కాకపోతే ఇక్కడ క్రాష్ అయ్యేది సిలిండరు, పక్కనే చెయ్యి ఉంటుంది.

మెరుగు పెట్టించడం ఇంత ప్రమాదం కాకపోయినా, అదీ వెనక్కి తీసుకోలేని పనే. బ్రిటిష్ తుపాకుల మీద ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు ఉంటుంది. రెండు బాణాలు మొనలు ఆనించినట్టు ఉంటే, సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. పాలిష్ చక్రం కింద పెడితే ఈ చరిత్రంతా పది నిమిషాల్లో మాయం. మిగిలేది నిగనిగలాడే అబద్ధం.

"నా డబ్బు, నా తుపాకీ, నా ఇష్టం" అంటారా? నిజమే. కానీ ఇవి మళ్ళీ తయారుకావు. మీ తర్వాత కూడా అది ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

అలాగని తుప్పు పట్టనిమ్మని కాదు. నూనె వెయ్యండి, రేగిన ఎర్రతుప్పుని మెత్తగా తియ్యండి, అసలు పూత జోలికి పోకండి. స్ప్రింగు విరిగితే కొత్తది వేసి, పాతదాన్ని చీటీ కట్టి డబ్బాలో దాచండి. గొళ్ళెం వదులైతే, కాల్చడం మానేసి గోడకి పెట్టండి.

మన వృత్తిలో వెర్షన్ కంట్రోల్ లేకుండా పాత కోడు ముట్టుకోం కదా. ఇనుముకి అండూ లేదు. అందుకే నా సూత్రం ఒక్కటే: వెనక్కి తీసుకోగలిగిన పనే చెయ్యి, చేసింది రాసిపెట్టు. మీరేమంటారు?