సర్దుకోవలసింది మోకాలా, ఫుట్‌రెస్టా?

సర్దుకుపోవడం ఆడవాళ్ల సొత్తని మనం అనుకుంటాం గాని, మోటారు సైకిలెక్కిన మగవాళ్లూ ఆ విషయంలో మనకేం తీసిపోరు. రెండు గంటలు బండి నడిపి, గుమ్మంలో మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వస్తారు. ఏమయిందంటే, "కొండదారుల బండి కదా, ఆమాత్రం ఉంటుంది" అంటారు గొప్పగా. నొప్పిలో గొప్పేమిటండీ?

2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌నే తీసుకోండి. 411 సీసీ బండి. 2023 చివర్లో దాని స్థానంలో కొత్త ఇంజనుతో మరొకటి వచ్చింది గాని, పాతవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే. చాలామందికి కాలు నేలకందుతుంది, మంచిదే. రాళ్లు తగలకుండా ఫుట్‌రెస్టులు పైకి ఉంటాయి, అదీ మంచిదే. ఈ రెండు మంచితనాల మధ్యా నలిగేది పొడుగుకాళ్ల మనిషి మోకాలు! మోకాలు అలా మడిచి కూర్చుంటే ఏమవుతుందో రుబ్బురోలు ముందు పీటమీద బతుకు గడిపిన మన అమ్మమ్మలనడగండి.

దీనికి మందు మాత్రల్లో లేదు, మెకానిక్ దగ్గరుంది. ఫుట్‌రెస్టును ఒక అంగుళం కిందికి దించే బ్రాకెట్లు దొరుకుతాయి. అంగుళమేనా అని నవ్వకండి. వంటగట్టు అంగుళం ఎత్తయితే భుజం ఏమంటుందో మనకు తెలియదూ!

"కంపెనీవాడికి తెలియకనా అలా పెట్టాడు?" అంటారు. వాడికి నలుగురి కొలతా తెలుసు; మీ ఇంటాయన కాలి పొడుగు మాత్రం తెలియదు. రెడీమేడ్ జాకెట్టు కొనితెచ్చి, కుట్లు విప్పి సరిచేసుకునే మనకు ఇంతకంటే చెప్పాలా?

అయితే ఆ అంగుళం ఊరికే రాదు. మలుపులో బండి బాగా వాలిస్తే ఫుట్‌రెస్టు మునుపటికంటే ముందే నేలకు రాసుకుంటుంది. గతుకుల్లో రాళ్లకూ దగ్గరవుతుంది. పాదం దిగింది గనక బ్రేకు పెడలూ, గేరు లివరూ కూడా తగ్గట్టు దించాలి. లేకపోతే బ్రేకు వేయవలసిన క్షణంలో పాదం తడుముకుంటుంది. వీధి చివర ఏదో ఇనపముక్క అతికించుకుని డబ్బు మిగిలిందనుకోవడం మరీ తప్పు. గతుకుల దారిలో లేచి నిలబడి నడిపేటప్పుడు మనిషి బరువంతా దానిమీదే కదా!

ఇంకొక మాట. కాలు నేలకందని వాళ్లకు ఇది వైద్యం కాదు. వాళ్లు చూసుకోవలసింది సీటు సంగతి. ఈ బండ్లు నడిపే మన అమ్మాయిలు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మరి వెనక సీటో? వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడీ, కాలికి ఫుట్‌రెస్టూ, బట్టలు చక్రంలో పడకుండా అడ్డూ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే రాశారు. ఉండాలన్నారు గాని, అది మీ కాలికి సరిపోతోందా అని ఎవరూ వచ్చి అడగరు. ఆయన మెకానిక్ దగ్గరికి బయలుదేరిన రోజున మీరూ వెంట వెళ్లండి. వెనక సీటెక్కి కూర్చుని, మోకాలు ఎక్కడ పట్టేస్తోందో నోరు విప్పి చెప్పండి. ఇనుముకు సర్దుకోవడానికి మరలున్నాయి. మన మోకాలికి లేవు.