రోడ్డు అంచు ఎవురిది?

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ వన్‌వే పెడతామన్నా, రోడ్డు వెడల్పు చేస్తామన్నా ముందుగా లేచే గొంతు కార్లోళ్లది. "మా ఇంటి ముందర బండి యాడ పెట్టుకోవాల?" అంటారు. అడగనీ, తప్పులేదు. చెప్పకుండా తీసేస్తే ఎవురైనా అడుగుతారు. అయితే ఇంటి ముందర రోడ్డు ఇంటాయన పట్టాభూమి కాదు గదా!

అదే అంచున పండ్లబండి పెట్టుకున్న ఆడమనిషి, పల్లె నుంచి ఆటో తోలుకొచ్చే మాల మాదిగ పిల్లోడు నిలబడి బతుకుతున్నారు. కారాయన అర్జీ కమిషనర్ టేబుల్ మీదికి పోతుంది. ఆమె తక్కెడ మున్సిపాలిటీ ట్రాక్టర్లోకి పోతుంది.

2023 సెప్టెంబరులో తిరుపతిలో శ్రీనివాస సేతు పూర్తిగా తెరిచారు. బండ్లు ఊరి నెత్తి మీదుగా పోవడానికి 600 కోట్లకు పైగా పెట్టినారు. కింద నిలబడే తోపుడుబండికి ఎన్ని అడుగులు కొలిచినారో అడగాల.

రోడ్డు అందరిదన్న మాట ఊరికే రాలేదు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి, దళితులు పోగూడదన్న రోడ్డు మీద ఎడ్లబండెక్కి పోయినాడు. ఈ పొద్దు మన చేతిలో 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవురినీ లేపగూడదు. జాగా మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాల. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాల, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు చోటుండాల. (ఆటోలకు ఈ చట్టం లేదు. స్టాండు కోసం వాళ్లు వేరేగా కొట్లాడాల్సిందే.)

ట్రాఫిక్ మీటింగుకు కాలనీ సంఘాన్ని పిలిస్తే బండ్లోళ్లనూ పిలవమని మిత్రులు ఇప్పుడే అర్జీ పెట్టండి. వెండింగ్ కమిటీ మినిట్స్ పుస్తకం చూపించమనండి.