ఆ పిల్లవాడి గ్లౌజులు ఎందుకు తీయించారు?

రాజంపేటలో ఒక కార్ల షెడ్డు. బండి కింద పడుకుని డ్రైన్ బోల్టు విప్పుతున్న కుర్రవాడికి పద్దెనిమిదేళ్లుంటాయి. రెండు చేతులకూ నీలం రంగు పల్చటి గ్లౌజులు. మందుల షాపులో సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నాడట. మేస్త్రీ చూశాడు. “ఏందిరా, పెండ్లికొడుకు మాదిరి చేతులకు తొడుక్కున్యావ్? తీసేసి పన్జెయ్” అన్నాడు. బెంచీ మీద కూర్చున్న కార్ల ఓనర్లు పగలబడి నవ్వారు. కుర్రవాడు గ్లౌజులు తీసి జేబులో కుక్కుకున్నాడు. బోల్టు ఊడింది. నల్లటి ఆయిలు వేడివేడిగా అతని వట్టి చేతుల మీదుగా మోచేతి దాకా కారింది.

నవ్విన వాళ్ల మీద నాకు కోపం వచ్చింది. వారం గడుస్తున్నా తగ్గలేదు.

మేస్త్రీ మీద అంత రాలేదు. ఆయన చేతులు చూస్తే ఎవరికీ రాదు. గోళ్ల చుట్టూ ఎన్ని సబ్బులు రుద్దినా పోని నల్లగీతలు. వేళ్ల సందుల్లో పగుళ్లు. సంగట్లోకి ఊరిబిండి నంజుకుంటే వేళ్లు భగ్గుమంటాయని ఆయనే చెప్పాడు. “మా మేస్త్రీ నాకట్లనే నేర్పిచ్చినాడు సార్. చేతికి నలుపు అంటనోడు మెకానిక్కే కాదనేవాడు” అన్నాడు. ఆ మాటలో వృత్తి మీద గౌరవం ఉంది, నేను కాదనను. నందలూరులో ఆవిరి ఇంజన్ల లోకోషెడ్డు నడిచిన రోజుల నుంచీ బొగ్గూ నూనే అంటిన చేతుల్ని గౌరవించడం ఈ ప్రాంతానికి తెలుసు. కానీ ఆ గౌరవాన్ని సాకుగా పెట్టుకుని ఒక పిల్లవాడి చర్మాన్ని పణంగా పెట్టమంటే ఒప్పుకోను.

కొత్త ఆయిలు తేనెరంగులో ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అది నల్లబడడానికి కారణం మసి. ఇంజన్లో కాలీ కాలని ఇంధనం, అరిగిన లోహపు రజను, మంటలో పుట్టిన రకరకాల హైడ్రోకార్బన్లు అందులో పేరుకుంటాయి. మసికీ చర్మపు క్యాన్సరుకూ ఉన్న సంబంధం నిన్నమొన్న తేలింది కాదు. లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు, పొగగొట్టాలు ఊడ్చే పనివాళ్లకు వచ్చే పుండు ఆ మసి వల్లనే వస్తోందని. తర్వాతి కాలంలో లాంకషైర్ నూలు మిల్లుల్లో మర యంత్రాల నూనె బట్టల్లోంచి ఒంటికి పట్టిన కార్మికులకూ అదే జబ్బు వచ్చింది. శుద్ధి సరిగా చేయని ఖనిజ నూనెలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకు క్యాన్సర్ తెచ్చేవిగా మొదటి వర్గంలో చేర్చింది. మసి కూడా అదే వర్గంలో ఉంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ని ఎలుకల చర్మానికి పదేపదే రాస్తే కణుతులు లేచాయి. ఒక్క రోజు చేతికి అంటితే ఏమీ కాదు, నిజమే. మన మెకానిక్కుకు అది ఒక్క రోజు అంటదు. పద్నాలుగు పదిహేనేళ్లకు షెడ్డులో చేరినవాడు అరవై దాకా ఆ నూనెలోనే బతుకుతాడు.

“గ్లౌజు ఏసుకుంటే బోల్టు పట్టు తెలీదు సార్.” ఇది ప్రతి షెడ్డులోనూ వినిపించే జవాబు. మందపాటి తోలు గ్లౌజుతో నిజంగానే తెలియదు. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేసిన పల్చటి గ్లౌజుతో ఎందుకు తెలియదు? గుండె ఆపరేషన్ చేసే డాక్టరు వెంట్రుకంత దారంతో రక్తనాళాన్ని కుడుతున్నప్పుడు చేతికి ఉండేది గ్లౌజే. అసలు ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజు ఎలా వచ్చిందో మన మేస్త్రీలందరికీ చెప్పాలి. 1889–90 చలికాలంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణాల వల్ల పొక్కిపోయాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్ఇయర్ కంపెనీకి చెప్పి పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. రోగిని కాపాడతాయన్న సంగతి తర్వాత తెలిసింది. మొదట అవి పుట్టింది పనిచేసే మనిషి చేతుల కోసం. కంపెనీ వేరైనా, టైర్ల మీద మనం రోజూ చూసే పేరే అది. నూట ముప్పై ఏళ్లు దాటినా కార్లు బాగుచేసే చేతికి మాత్రం ఆ గ్లౌజు అందలేదు.

ఆసుపత్రుల్లో వాడే లేటెక్సు రకం షెడ్డుకు పనికిరాదని కూడా చెప్పుకోవాలి. పెట్రోలూ ఆయిలూ తగిలితే అది ఉబ్బి చిరిగిపోతుంది. నైట్రైలే కొనాలి. చిరిగితే మార్చాలి. ఒక జత ఖర్చు ఒక టీ ఖర్చుకు అటూ ఇటూ ఉంటుంది.

ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టే పని సాయంత్రం జరుగుతుంది. షెడ్డు మూసే వేళ పిల్లలందరూ ఒక డబ్బా చుట్టూ చేరతారు. అందులో ఉండేది పెట్రోలు, లేకపోతే డీజిలు. దాంతో చేతులు కడుక్కుంటారు. రంపపు పొట్టు వేసి రుద్దుతారు, పైన బట్టలుతికే పొడి. అదే చేత్తో బజ్జీ తింటారు. ఈ అలవాటు గురించి నేను ఇంతకు ముందూ రాశాను, ఇకముందూ రాస్తాను. మన చర్మం మీద దేవుడిచ్చిన జిడ్డు పొర ఒకటి ఉంది. చర్మాన్ని కాపాడేది అదే. పెట్రోలు మొదట దాన్ని కడిగేస్తుంది. చర్మం తెల్లగా ఎండిపోయి చీలుతుంది. మర్నాడు పొద్దున కాలిన ఆయిలు ఆ చీలికల్లోకే దిగుతుంది. అంటే పగలు జరిగే నష్టానికి దారి తెరిచేది సాయంత్రపు కడుగుడే. ఇక పెట్రోల్లో బెంజీన్ ఉంటుంది. మన దేశంలో అమ్మే పెట్రోల్లో ఒక శాతం దాకా ఉండనిస్తారు. రక్తపు క్యాన్సరుకు కారణమని తేలిన పదార్థమది. శుభ్రం పేరుతో దాన్ని చేతులారా పూసుకుంటున్నాం.

నడివయసు దాటిన మేస్త్రీల సంగతి ఇంకా దారుణం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది 2000 ఫిబ్రవరి 1న. అందులో కలిపే సీసపు పదార్థం చర్మంలోంచే ఒంట్లోకి ఇంకుతుంది. అంతకు ముందు పని నేర్చుకున్న ప్రతి మెకానిక్కూ ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం ఆ విషంతో చేతులు కడుక్కున్నాడు. వాళ్లలో ఒక్కరికైనా రక్తంలో సీసం ఎంతుందో ఎవరైనా పరీక్ష చేశారా? సర్కారు ఆసుపత్రికి పగిలిన చేతులతో వెళితే మలాము రాసి పంపుతారు, ఏం పని చేస్తావని అడిగే తీరిక ఉండదు.

దీనికి మందు ప్రతి ఇంట్లోనూ ఉంది. చెంచాడు శెనక్కాయల నూనె పోసి చేతులు బాగా రుద్దితే గ్రీజు కరిగి ఊడి వస్తుంది. ఆపైన సబ్బు, ధారగా నీళ్లు. పడుకునే ముందు కాస్త కొబ్బరినూనె. షెడ్డుకు ఒక కొళాయి, ఒక సబ్బు, ఒక నూనె సీసా. ఆడవాళ్లకు ఇది తెలుసు, కాబట్టే భర్త చొక్కా మీది గ్రీజు మరకకు కూడా మొదట నూనే రాస్తారు. షెడ్డులో మాత్రం ఇది మగతనానికి తక్కువ అన్నట్టు చూస్తారు.

గ్లౌజులు వేసుకోకూడని చోట వద్దనే అంటాను. తిరిగేదాని దగ్గర తీసేయాలి. నడుస్తున్న ఇంజను ఫ్యాన్ బెల్టు, డ్రిల్లు, లేతు దగ్గర గ్లౌజు కొస చిక్కితే వేలితో ఆగదు, చెయ్యే పోతుంది. కాలిన సైలెన్సరు మీద పల్చటి నైట్రైల్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఈ కాలపు డీజిలు బండ్లలో ఇంజెక్టర్ల పీడనం 1600 బార్లు దాటుతుంది. లీకు ఎక్కడుందోనని వేలు పెట్టి వెతికితే సూది మొనంత ధార గ్లౌజునూ చర్మాన్నీ కలిపి చీల్చి డీజిల్ని లోపలికి కొడుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే ఉండదు. అయినా ఆ నిమిషమే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. ఇవన్నీ ఐటీఐలో చెబుతారు. డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్లు. మన షెడ్లలో పనిచేసే వాళ్లలో ఎక్కువమంది ఆ గడప తొక్కినవాళ్లు కారు. ఊరి పక్కనే 1998లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన అన్నమాచార్య యూనివర్సిటీ ఉంది. అక్కడి మెకానికల్ అధ్యాపకులు నెలకో ఆదివారం ఈ పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడితే ఎవరు కాదంటారు?

రేపటి గండం ఇంకోటి ఉంది. ఎలక్ట్రిక్ కార్లు మన రోడ్ల మీదకు వచ్చేశాయి. చాలా కార్లలో బ్యాటరీ 300, 400 వోల్టుల దగ్గర ఉంటుంది. నారింజ రంగు తీగ కనిపిస్తే 1000 వోల్టులు తట్టుకునే ప్రత్యేకమైన రబ్బరు గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టకూడదు. అక్కడ చర్మం పగలడం లాంటి చిన్న మాట లేదు, ప్రాణమే. గ్లౌజు వేసుకుంటే నవ్వే ఊరిలో ఆ బండి బానెట్టు మొదట ఎత్తేది ఎవరు? ఆ పద్దెనిమిదేళ్ల కుర్రవాడే.

మన ప్రాంతంలోని మంగంపేట గనుల్లోంచి ముగ్గురాయి ప్రపంచమంతా వెళుతుంది. చమురు బావులు తవ్వడానికి దాని పొడి కావాలి. మన నేల తవ్వి పంపిన రాయి ఎక్కడో చమురు తీయడానికి సాయపడుతుంది, ఆ చమురు తిరిగొచ్చి మన పిల్లల చేతులకే అంటుతుంది. ఆ రాయిని మోసే టిప్పర్ల కింద రాత్రింబవళ్లు పడుకుని గేరుబాక్సులు దించేదీ వీళ్లే. గని కార్మికుడికి భద్రత చూడడానికి చట్టం ఉంది, అధికారులున్నారు. టిప్పరు కింద పడుకున్న వాడికి ఎవరున్నారు?

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే వర్తించేది. ఆ చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వల్ల వచ్చే చర్మరోగం ఉండేది, చర్మపు క్యాన్సర్ ఉండేది, సీసపు విషమూ ఉండేది. అంటే జబ్బు ఉందని చట్టం ఒప్పుకుంది. ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డును మాత్రం గడప బయటే నిలబెట్టింది. దాని స్థానంలో వచ్చిన, 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రతా కోడ్ ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన ఆ పదిని ఇరవై చేసింది. దూరంగా ఉన్నవాళ్లను ఇంకా దూరం నెట్టారు.

ఇక పథకాలు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం తెచ్చింది. పద్దెనిమిది వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, దర్జీ, తాళాలు చేసేవాడు, పడవ చేసేవాడు, పూలదండ కట్టేవాడు. పనిముట్లకు పదిహేను వేలు. వాళ్లకు ఇవ్వడం న్యాయం, ఇంకా ఎక్కువ ఇచ్చినా సంతోషిస్తాను. కానీ పానా పట్టుకుని దేశాన్ని నడిపేవాడి పేరు ఆ పద్దెనిమిదిలో లేదు. సంప్రదాయ వృత్తి కాదంటారు. తాత, తండ్రి, కొడుకు ఒకే షెడ్డులో, ఒకే పానాల పెట్టెతో బతికిన కుటుంబాలు మన సీమలో ఎన్ని లేవు? సంప్రదాయం అనిపించుకోవడానికి ఇంకా ఎన్ని తరాలు కావాలి? రాష్ట్రంలో 2019లో అప్పటి ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు వాహన మిత్ర కింద పదివేలు ఇచ్చింది. ఇప్పటి ప్రభుత్వం 2025 అక్టోబరు నుంచి పదిహేను వేలు ఇస్తోంది. ఆటో నడిపేవాడి కష్టం ప్రభుత్వాల కంట్లో పడింది. అదే ఆటోను బాగుచేసేవాడు రెండు ప్రభుత్వాలకూ కనపడలేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డప్పుడు బురదలో కూరుకుపోయిన బండ్లను మళ్లీ నడిచేలా చేసింది ఈ చేతులే అని కూడా గుర్తు చేస్తున్నాను.

కార్ల ఓనర్లకూ ఒక మాట. తిరుపతిలోనో కడపలోనో కంపెనీ సర్వీస్ సెంటర్లో వేలల్లో బిల్లిస్తే మారుమాట్లాడకుండా కడతాం. షెడ్డుకొచ్చి యాభై రూపాయల దగ్గర బేరమాడతాం. అయిదు వేల కిలోమీటర్లకో, పదివేలకో ఒకసారి ఆయిలు మార్పిస్తారు కదా, ఆ రోజు గ్లౌజుల డబ్బు మీరే ఇవ్వండి, వేసుకుంటే గానీ బండి ముట్టుకోవద్దని చెప్పండి. ఓనరు అడిగితే ఏ మేస్త్రీ తీయించడు.

రాజంపేట ఎంపీ గారు పార్లమెంటులో విశ్వకర్మ జాబితాకు పందొమ్మిదో పేరుగా మోటారు మెకానిక్కును చేర్చమని అడగాలి. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా ఆటో డ్రైవర్ల పక్కన వాళ్ల పేరు రాయవచ్చు. ఇచ్చే కిట్టులో నైట్రైల్ గ్లౌజుల పెట్టెలు, కళ్లద్దాలు, గ్రీజు వదిలించే పేస్టు, ఎలక్ట్రిక్ బండ్లకు రబ్బరు గ్లౌజులు పెట్టండి. పానాలు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి.