బిర్యానీ కావాలి, మా దేగ్చీ వద్దా?

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పట్నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఎంత పెరిగాయో బిర్యానీ ఆకలీ అంత పెరిగింది. స్విగ్గీ ఏటా చెప్పే లెక్కల్లో మొదటి నంబరు దానిదే. ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా బిర్యానీయే. మాషాఅల్లా, ఖుషీగా తినండి. నా గిలా దాని మీద కాదు.

ఇదే ఇలాఖాలో కిరాయి ఇంటికోసం తిరిగాను. నా పేరు వినగానే ఒక ఓనరు మొహం మారింది. "మీరని కాదమ్మా, ఇంట్లో నాన్‌వెజ్ వండకూడదు, అంతే" అన్నాడు. బయట్నుంచి తెప్పించుకుంటేనో? "అది వేరే, తెప్పించుకోండి." అంటే గోష్ మీద ఎతరాజ్ లేదన్నమాట. డబ్బాలో వస్తే పాక్, మా దేగ్చీలో ఉడికితే నాపాక్! ఇక టోలిచౌకి నుంచి రోజూ ట్రాఫిక్‌లో నలిగొచ్చే మనవాళ్లంతా షౌక్ కొద్దీ అక్కడ ఉంటున్నారా?

అయితే గుస్సా మనవాళ్ల మీద కూడా ఉంది. "సరే, వండం" అని సంతకం పెట్టి చేరిపోతున్నారు. మజ్బూరీ, ఒప్పుకుంటా. కానీ పోయేదేమిటో చూడండి. కచ్చీ గోష్ బిర్యానీ మసాలా పొట్లంతో రాదు. పచ్చి బొప్పాయి, పెరుగు, అల్లంవెల్లుల్లి, బిరిస్తా పట్టించి గోష్‌ని గంటలు నాననివ్వాలి. ముప్పావు ఉడికిన బాస్మతిని పైన పరిచి, దేగ్చీ అంచుకు గోధుమపిండి పూసి, తవా మీద దమ్ పెట్టాలి. కింద పచ్చి గోష్, పైన అన్నం ఒకేసారి కావాలి. మంట ఎక్కువైతే అడుగంటుతుంది, తక్కువైతే ముక్క ఉడకదు. మూత తీసి చూడటానికి లేదు! చెవితో, ముక్కుతో పసిగట్టాల్సిందే. మా నానీ కొలతంతా అందాజే. అది అమ్మీ పక్కన నిలబడితే వస్తుంది, యాప్‌లో రాదు.

షోర్వా వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పడోసీలకు పంపమన్నారు హుజూర్ (స). పొయ్యే వెలిగించకపోతే ఆ హక్ ఎలా తీరుస్తాం?

జాబ్ చేస్తూ టైమెక్కడిదంటారా? శనివారం రాత్రి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ఇత్వార్ పొద్దున దమ్ వేయండి. భాయ్‌లూ, బిరిస్తాకి ఉల్లిగడ్డలు మీరు కోయండి, చేతులరిగిపోవు. అగ్రిమెంట్‌లో ఆ లైను కొట్టేయమని ముందే అడగండి. కుదరదంటే, రోజూ తను తినే బిర్యానీ ఎవరి ఇంటి వంటో ఆ ఓనరు సాబ్‌నే అడగండి.